గాజులు అమ్మి పెట్టిన అన్నం

గుంటూరు జిల్లాలోని ఒక పట్టణం నుంచి 41 ఏళ్ల సహోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు రాయవద్దన్నారు. ఆరు పేజీల ఉత్తరంలోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమె ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో టీచరు. 14 ఏళ్ల సర్వీసు. చేతికి 62,000 వస్తుంది. భర్త ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాస్తారు, ఆయన జీతం 28,000. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, అబ్బాయి ఎనిమిదో తరగతి. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు. ఏడాదిన్నర క్రితం శ్రమల దినాల (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలం) కూడికల్లో మత్తయి 25వ అధ్యాయం (ఆకలిగొన్నవారికి పెట్టింది నాకు పెట్టినట్టే అన్న యేసు మాట) విన్నాక ఈమెకు భారం కలిగింది. స్త్రీల సమాజంలో మరో ఏడుగురిని కలుపుకుని, ప్రతి ఆదివారం మధ్యాహ్నం ప్రభుత్వాసుపత్రిలో రోగుల దగ్గర కాపలా ఉండేవాళ్లకు భోజనం పెడుతున్నారు. సుమారు 70 మందికి 13 కిలోల బియ్యం వండుతారు. వారానికి 4,500 ఖర్చు. నెలకయ్యే 18,000లో మిగతా ఏడుగురూ కలిసి 7,000 ఇస్తారు, ఈమె 11,000 పెట్టుకుంటారు. సంఘానికి ఇచ్చే దశమభాగం 6,200 వేరు.

నాలుగు నెలల క్రితం ఆమె పుట్టింటివారు పెట్టిన మూడు కాసుల గాజులు అమ్మేశారు. ఆ డబ్బుతో ఒక రోగి కుటుంబానికి మందులు కొన్నారు, మిగిలినదానితో పెద్ద గిన్నెలు తెచ్చారు. భర్తకు చెప్పలేదు. అత్తగారు చూసి అడగడంతో బయటపడింది. "దేవుడి పేరు చెప్పి ఇల్లు గుల్ల చేస్తున్నావు" అన్నారట ఆయన. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయి. ఆయన మొదటి ఆరు నెలలు గిన్నెలు తన బండి మీదే ఆసుపత్రికి చేరవేసేవారని, తర్వాత మానేశారని ఉత్తరంలో ఒక్క వాక్యం ఉంది. ఇక క్రిస్మస్‌కు పిల్లలకు కొత్త బట్టలు వద్దని ఆమే నిర్ణయించారు. అమ్మాయి ఆ రోజు ఆరాధనకు రాలేదు. మే నెలలో ఒక ఆదివారం సాంబారన్నం వాసన వచ్చింది. అప్పటికే కొందరు తినేశారు. ఇవి చాలవన్నట్టు, సంఘం కమిటీ బ్యానరు కట్టాలని, కరపత్రాలు పంచాలని పట్టుబడుతోంది. అమెరికాలో ఉన్న పెద్దనాన్నగారి అబ్బాయి డబ్బు పంపుతానంటున్నారు.

"బైబిల్లో అబీగయీలు కూడా భర్త నాబాలుకు చెప్పకుండానే ఇచ్చింది కదా! నేను చేసింది తప్పా? ఉద్యోగం మానేసి పూర్తిగా ఈ పనిలోకి రమ్మని దేవుడు పిలుస్తున్నాడా, లేక ఇదంతా ఆపేసి ఇల్లు చూసుకోవాలా? చీర కొన్నా, హోటల్లో తిన్నా దొంగతనం చేసినట్టుంటోంది. నా విశ్వాసంలోనే లోపముందా?" అని అడిగారు.

సహోదరీ, వందనాలు.

ముందు గాజుల సంగతి. ఆ గాజులు మీవే. క్రైస్తవులకు వర్తించే భారత వారసత్వ చట్టం (1925) 20వ సెక్షన్ ప్రకారం పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఒకరి ఆస్తి మీద ఇంకొకరికి హక్కు రాదు. మీ పుట్టింటి బంగారం, మీ జీతం మీవి. లూకా 8వ అధ్యాయంలో యోహన్న, సూసన్న మొదలైన స్త్రీలు తమకున్న ఆస్తితోనే యేసుకూ శిష్యులకూ ఉపచారం చేశారు. కాబట్టి "నీ ఇష్టమొచ్చినట్టు ఎలా అమ్ముతావు?" అని ఎవరైనా అంటే, అమ్మే హక్కు మీకుంది.

దాచిపెట్టడం మాత్రం హక్కుతో తేలే విషయం కాదు. అబీగయీలును తలుచుకున్నారు గనుక ఆ అధ్యాయాన్ని (1 సమూయేలు 25) చివరిదాకా చదవండి. తిండి అడిగితే నాబాలు ఇవ్వకపోగా అవమానించాడని దావీదు నాలుగు వందల మందితో కత్తులు కట్టుకుని బయల్దేరాడు. తెల్లారేలోగా ఆ ఇంట్లో మగవాడనేవాడు మిగలడు. ఆ గండం తప్పించడానికి ఆమె రెండు వందల రొట్టెలు, రెండు తిత్తుల ద్రాక్షారసం, వండిన అయిదు గొర్రెలు గాడిదల మీద వేసుకుని వెళ్లింది. తిరిగొచ్చేసరికి నాబాలు తాగి ఉన్నాడు. మత్తు దిగాక, మర్నాడు ఉదయమే జరిగిందంతా తనే చెప్పింది. మీ ఇంటి మీదికి ఎవరూ కత్తులతో రాలేదు, మీ ఆయన నాబాలు కాదు. నాలుగు నెలలైనా మీరు చెప్పలేదు, వేరేవాళ్ల వల్ల తెలిసింది. ఆయనకు తగిలిన దెబ్బ బంగారం పోయినందుకే అనుకోకండి. తన ఇంట్లో జరిగింది తనకే చివర తెలియడం ఎవరికైనా బాధే.

అపొస్తలుల కార్యములు 5లో, పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకుని అంతా ఇచ్చినట్టు చెప్పి చనిపోయిన అననీయ కథ చెప్పి మిమ్మల్ని ఎవరైనా భయపెట్టారేమో. అక్కడ పేతురు అన్నమాట గమనించండి. అమ్మకముందు పొలం నీదే, అమ్మాక సొమ్ము కూడా నీ చేతిలోదే కదా అంటాడు. అంటే అమ్మి తీరాలన్న నియమం ఆ తొలి సంఘంలో కూడా లేదు. శిక్ష వచ్చింది తక్కువ ఇచ్చినందుకు కాదు, అబద్ధమాడినందుకు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మీరు రాసిన అంకెలే తీసుకుంటున్నాను. ఇద్దరి జీతం 90,000. ఇంటి లోను వాయిదా 19,500, చీటీ 5,000, పిల్లల ఫీజులు నెలకు సర్దితే 10,500, ఇంటి ఖర్చు 30,000, అత్తగారి మందులు 4,500. దశమభాగం, భోజనాలు కలిపి 17,200. మిగిలేది 3,300. చేతిలో వేరే నిల్వ లేదన్నారు. లోను వాయిదా, ఫీజులు, ఇంటి ఖర్చు, మందులు కలిపి తప్పనిసరి ఖర్చే నెలకు 64,500. కనీసం మూడు నెలలకు సరిపడా అంటే 1,93,500 పక్కన ఉండాలి. నెలకు 3,300 చొప్పున దాస్తే అది చేరడానికి దాదాపు అయిదేళ్లు పడుతుంది. లెక్కలు రాసే మనిషికి ఈ అంకె ప్రతి రాత్రీ కళ్ల ముందు కదులుతుంది. ఆయన "ఇల్లు గుల్ల" అన్న మాట వెనక భక్తి లేకపోవడం ఉందని నాకనిపించలేదు, ఈ అంకె ఉంది.

భోజనాలకు మీరిచ్చేది 11,000 నుంచి 4,000కు తగ్గిస్తే మిగులు 10,300 అవుతుంది. ఏడాదిన్నర దాటేసరికి ఆ నిల్వ సిద్ధమవుతుంది, చీటీ పాడుకుంటే ఇంకా ముందే. అప్పుడు మళ్లీ పెంచుకోవచ్చు. ఇలా తగ్గించడం విశ్వాసంలో వెనకడుగు అనుకుంటారేమో. 2 కొరింథీయులకు 8లో యెరూషలేము బీదల కోసం చందా అడుగుతూనే పౌలు, ఇతరులకు తేలిక చేసి మీకు భారం తేవాలని కాదు, కలిగినదాని కొద్దీ ఇవ్వండి అని రాశాడు. ఇంకో దారి కూడా ఉంది. దశమభాగంలోనే కొంత ఈ భోజనాలకు మళ్లించడం. ద్వితీయోపదేశకాండము 14 చివర్లో మూడో ఏటి దశమభాగం ఆలయ సేవ చేసే లేవీయులతో పాటు పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు చెందాలని ఉంది గనుక వాక్యం అడ్డు రాదు. కాకపోతే పాస్టరుగారికి ముందుగా చెప్పకుండా చేస్తే సంఘంలో గుసగుసలు మొదలవుతాయి. చిన్న సంఘమైతే ఆయన జీతానికే లోటు పడుతుంది. మూడో దారి మూడు నెలలు పూర్తిగా ఆపడం. ఇంట్లో శాంతి త్వరగా వస్తుంది గానీ, ఆపిన పనిని మళ్లీ అందుకోవడం కష్టం. తోటి ఏడుగురు చెదిరిపోతారు.

మీ భాగం తగ్గితే ఆ లోటు ఎవరు భరించాలి? పిడికెడు బియ్యం పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. వంటకు ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు దేవుని కోసం వేరే డబ్బాలో వేయడం. మిజోరం సంఘాలు 1910లో మొదలుపెట్టి ఇప్పటికీ దీనితోనే పెద్ద పెద్ద పనులు నడుపుతున్నాయి. ఒక పిడికెడు 45 గ్రాములనుకుంటే, రెండు పూటలా వేస్తే నెలకు ఇంటికి 2.7 కిలోలు. మీ పనికి నెలకు 42 కిలోలు కావాలి (ఈ లెక్క కింద చెబుతాను). అంటే 16 ఇళ్లు చాలు. ఇప్పుడున్నది ఎనిమిది, ఇంకో ఎనిమిది ఇళ్లను అడగండి. ఇందులో చిక్కు ఒకటుంది. పాత బియ్యం, కొత్త బియ్యం, లావు, సన్నం అన్నీ కలిపి ఒకే గిన్నెలో వండితే సగం మెత్తబడి సగం పలుకుగా మిగులుతుంది. రకాన్ని బట్టి వేరువేరు సంచుల్లో పోయించండి. కలిసిపోయినవాటిని మీలో ఎవరైనా ఇడ్లీ పిండికి తీసుకుని, బదులుగా మంచి బియ్యం ఇస్తే సరి. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు వేయండి.

అన్నం పాడైన సంగతికి వస్తాను. మీరు దాన్ని ఉత్తరంలో రెండు వాక్యాల్లో దాటేశారు, నాకు మాత్రం అన్నిటికంటే భయం కలిగించింది అదే. ఉదయం 5 గంటలకు వంట, 7.30కు వేడివేడిగా కవర్లలో కట్టడం, ఆరాధన అయ్యేదాకా గుడి వరండాలో పెట్టడం, 12.45కు పంచడం. అయిదు గంటలు. మీ పొరపాటు శుభ్రతలో లేదు, ఈ అయిదు గంటల్లో ఉంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు సహజంగానే ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం వేడి 60 డిగ్రీల కిందికి దిగి గోరువెచ్చగా ఉన్నంతసేపూ అవి మొలిచి పెరుగుతాయి, కొన్ని రకాలు విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే "వాసన రాలేదు, వేడి చేసి పెట్టేద్దాం" అనడం ప్రమాదం. మూతి కట్టిన కవరులో ఆవిరి నీరై అన్నం మీదే పడుతుంది. పప్పు, కూరముక్కలు కలిసిన సాంబారన్నం అలాంటి తడిలో అన్నిటికంటే ముందు చెడుతుంది. మే నెల కాబట్టి వాసన తెలిసింది. జనవరిలో వాసన తెలియకుండానే కొందరికి వాంతులై ఉండవచ్చు.

ఏం చేయవచ్చంటే, ఒకటి, భోజనాన్ని రాత్రికి మార్చడం. ఆరాధన అయ్యాక ఇంటికెళ్లి, సాయంత్రం 4.30కు పొయ్యి వెలిగించి 6.45కు ఆసుపత్రి చేరడం. కాపలా ఉండేవాళ్లకు మధ్యాహ్నం ఎలాగో దొరుకుతుంది, చీకటి పడ్డాక రోగిని వదిలి బయటికి వెళ్లడమే కష్టం. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. అయితే మీలో సోమవారం ఉదయాన్నే పనికి వెళ్లేవాళ్లకు నిద్ర తగ్గుతుంది, ఆడవాళ్లు రాత్రి తిరిగిరావడానికి తోడు కావాలి. రెండు, నలుగురు నలుగురుగా విడిపోయి, ఒక వారం ఒక జట్టు ఆరాధనకు బదులు వంట చేయడం. దీనికి సంఘ పెద్దల మాట ముందే తీసుకోకపోతే "గుడి మానేశారు" అంటారు. మూడు, సమయం మార్చలేకపోతే వంటకం మార్చండి, పులిహోర చేయండి. చింతపండు పులుపు, తడి తక్కువగా ఉండటం దాన్ని కాపాడతాయి. ప్రయాణాలకు మన పెద్దవాళ్లు పులిహోర కట్టింది అందుకే. అన్నాన్ని పళ్లాల్లో ఆరబోశాకే కలపండి, ఉల్లిపాయ వేయకండి, పెరుగన్నం ముందుగా కలిపి తీసుకెళ్లకండి.

ఏ దారైనా కవర్లు మానేసి, మూతగట్టి ఉన్న స్టీలు గిన్నెల్లోంచి ఆకుల్లో వడ్డించండి. పది కిలోలు ఒకే గిన్నెలో కాక మూడున్నర కిలోల చొప్పున మూడు వాయిలు వండండి. గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి కొనండి. వడ్డించేముందు గిన్నె మధ్యలో 60 కంటే తక్కువ చూపించి, వండి రెండు గంటలు దాటితే ఆ గిన్నె పక్కన పెట్టేయండి (పులిహోరకు ఈ లెక్క వర్తించదు, దాన్నీ ఆ పూటకే వాడండి). మీ బడిలో మధ్యాహ్న భోజనం పిల్లలకు పెట్టేముందు టీచరు రుచి చూడాలన్న నియమం ఉంది కదా, అదే ఇక్కడా పాటించండి. కొలత కూడా మీ బడిలోదే పనికొస్తుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు తలకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు. డెబ్భై మందికి పదిన్నర కిలోల బియ్యం, 2.1 కిలోల పప్పు, అయిదుంబావు కిలోల కూరగాయలు. మీరు 13 కిలోలు వండి వారం వారం మిగులుతోందని బాధపడుతున్నారు, ఆ మిగులు ఇదే. నెలకు 42 కిలోలన్నది కూడా ఈ లెక్కే. ఆపరేషనుకు ఖాళీ కడుపుతో ఉంచిన రోగులుంటారు, చక్కెర రోగులుంటారు. కాబట్టి రోగులకు మాత్రం మీ చేత్తో పెట్టకండి. ఆసుపత్రి సూపరింటెండెంటుగారికి ఒక అర్జీ రాసి లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం లాభం లేకుండా అన్నం పెట్టేవారికీ వర్తిస్తుంది గనుక, రిజిస్ట్రేషన్ సంగతి మీ జిల్లా ఆహార భద్రత అధికారి కార్యాలయంలో అడిగి చేయించుకోండి.

ఇంకో మాట. కాపలా ఉండేవాళ్లను కూర్చోబెట్టి "మీకు ఏది కష్టంగా ఉంది?" అని ఎప్పుడైనా అడిగారా? ఆసుపత్రి పక్కన అన్న క్యాంటీన్ ఉంటే అయిదు రూపాయలకే అన్నం దొరుకుతుంది. అది ఏ రోజు, ఏ పూట మూసి ఉంటుందో చూసుకుని ఆ పూటే మీరు పెట్టవచ్చు. చాలామందికి అన్నం కంటే కాగితాల దగ్గరే చిక్కు. ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్లో ఏ కాగితం అడిగారో అర్థంకాక రోజులు పోతాయి. మీరు టీచరు. ఒక పెన్ను, కొన్ని తెల్లకాగితాలు పట్టుకుని గంటసేపు వార్డు బయట కూర్చుని అర్జీలు రాసిపెడితే, గాజులు అమ్మి ఇచ్చినదానికి తక్కువేమీ కాదు. పైసా ఖర్చుండదు.

బ్యానరు గురించి. కమిటీవాళ్లది చెడ్డ ఉద్దేశం అనుకోను. చందా ఇచ్చినవారికి లెక్క కనిపించాలన్న ఆరాటమూ అందులో ఉంది. కానీ ఆకలితో ఉన్నవాడి చేతిలో అన్నంతో పాటు కరపత్రం పెడితే అతడు వద్దనలేడు. ఈ సంగతి మన నేల మీద నూట యాభై ఏళ్ల క్రితమే తేలింది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి, తిండి చూపించాడు. ఆ సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారో విశ్వాసంతో వచ్చారో తేలాలని. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకేరోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంగతిని కమిటీ ముందు పెట్టండి, బాప్టిస్టులు కాకపోయినా వింటారు. లెక్క కనిపించాలన్నదానికి వేరే మార్గముంది. నెలకోసారి ఆరాధనలో జమాఖర్చు చదవడం, ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా, డబ్బు ఎప్పుడూ ఇద్దరు కలిసి లెక్కించడం. కావాలంటే గిన్నెల మీద సంఘం పేరు చెక్కించండి, అంతవరకు ఫరవాలేదు. అప్పటికీ వినకపోతే సంఘం పేరు లేకుండా మీ ఎనిమిది మందే నడుపుకోవచ్చు. కానీ ఆ పదహారు ఇళ్ల బియ్యం, పాస్టరుగారి అండ రెండూ పోవచ్చు. అందుకే దాన్ని చివరిదాకా దాచుకోండి. ఫోటోలు మాత్రం, ఎవరు అడిగినా, తింటున్నవారివి తీయనివ్వకండి.

అమెరికా అన్నయ్యగారి డబ్బు: ఆయన ఇంకా భారత పాస్‌పోర్టుతోనే ఉంటే, తన సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే, అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. అనుమతి లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. ముందు ఆ ఒక్క ప్రశ్న ఆయన్ని అడగండి.

ఉద్యోగం మానేయకండి అని ఆజ్ఞాపించను, మానేస్తే ఏమవుతుందో చెబుతాను. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారు గనుక మీకు పాత పింఛను లేదు. ఇప్పుడు రాజీనామా చేస్తే మీ పేర జమైన నిధిలో ఎక్కువ భాగం చేతికి రాదు, నెలనెలా కొద్దిగా వచ్చే ఆన్యుటీలోకి పోతుంది. ఉద్యోగుల వైద్య కార్డు పోతుంది. 28,000తో లోను వాయిదా కట్టాక మిగిలేది 8,500. అప్పుడు ఆసుపత్రి వరండాలో మీరు అన్నం పెట్టేవాళ్ల వరసలోకి మీ కుటుంబమే వస్తుంది. ఆ పిలుపు నిజమో కాదో చూసుకోవాలంటే వేసవి సెలవులున్నాయి. ఆ సెలవుల్లో రోజూ ఆసుపత్రికి వెళ్లి చూడండి. అది అయ్యాక కూడా ఇదే మనసుంటే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.

ఇక అమ్మాయి. నిరాడంబరంగా బతకాలని మీరు మీ కోసం తీసుకున్న నిర్ణయం గొప్పది. దాన్ని పదహారేళ్ల పిల్ల మీద పెట్టినప్పుడు అది ఆమెకు నిర్ణయం కాదు, శిక్ష. లూకా 3:11లో రెండు అంగీలున్నవాడు ఏమీ లేనివానికి ఇవ్వాలని బాప్తిస్మమిచ్చు యోహాను అంటాడు. ఇవ్వాల్సింది అంగీలున్నవాడు, వాడి కూతురు కాదు. వచ్చే క్రిస్మస్‌కు పిల్లల చేతికే బట్టల డబ్బు ఇవ్వండి. ఒక జత కొనుక్కుంటారో, అందులో కొంత పక్కన పెడతారో వాళ్లకే వదిలేయండి. మొత్తం బట్టలకే పెట్టినా ఒక్క మాట అనకండి. ఇంటి ఖర్చు నిజంగా తగ్గించాలంటే చీరల దగ్గర కాదు, పెద్ద ఖర్చుల దగ్గర చూడండి. గృహప్రవేశానికీ, పుట్టినరోజుకీ షామియానా వేసి రెండు వందల మందికి బిర్యానీ పెట్టే కృతజ్ఞత కూడికలు మన ఇళ్లలో ఎన్ని! మీరే రెండేళ్లలో రెండు చేశామని రాశారు. హోటల్లో నలుగురూ కలిసి తిన్న దోసె గురించి మాత్రం దిగులు పడకండి. నెలకు ఇంత అని ముందే అనుకుని పక్కన పెట్టిన డబ్బుతో తింటే, అందులో ఎవరిదీ దొంగిలించినట్టు కాదు.

ఇప్పుడు మీ ఆయనతో మాట. ఆదివారం రాత్రి అలసిపోయి ఉంటారు, వద్దు. పిల్లలు లేని ఒక సాయంత్రం చూసుకోండి. వాక్యంతో మొదలుపెట్టకండి. గాజులు ఎప్పుడు అమ్మారు, ఎంత వచ్చింది, ఎంత దేనికి పోయిందో రసీదులతో సహా చెప్పండి. చెప్పకపోవడం తప్పని ఒప్పుకోండి, ఇవ్వడం తప్పని ఒప్పుకోనక్కర్లేదు. తర్వాత పై లెక్క ఆయన ముందు పెట్టి, 4,000 అన్న అంకె ఆయనకు ఎలా అనిపిస్తుందో అడగండి. ఆయన మూడు వేలనవచ్చు, ఆరు వేలని కూడా అనవచ్చు.

ఆ తర్వాత ఇంకొకటి అడగండి. ఆరు నెలలు ప్రతి ఆదివారం ఎండలో బండి మీద గిన్నెలు మోసిన మనిషి ఎందుకు మానేశారో మీ ఉత్తరంలో లేదు. నడుం నొప్పా, ఎవరైనా ఏదైనా అన్నారా, లేక ఎనిమిది మంది స్త్రీల మధ్య తనకు మోత తప్ప వేరే పని లేదనిపించిందా? ఆయన చెబుతున్నంతసేపూ మధ్యలో మాట్లాడకండి. జమాఖర్చు పుస్తకం రాయడానికి మీ జట్టుకు ఒక మనిషి కావాలి, లెక్కలు రాసే మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు.